కాఫీ బస్తాకు ఇక తోట చిరునామా

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లలో కాఫీ కిరాణా సరుకు మాత్రమే. పసుపు, మక్కల మాదిరిగా యార్డులో రాశి పోసి వేలం వేసేది కాదు. అయినప్పటికీ విశాఖ మన్యం కాఫీకి వచ్చిపడిన షరతు ఇక్కడి వర్తకులు, దలాలీలు సైతం గమనించదగినది.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన చట్టం ప్రకారం, 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీ అక్కడ అమ్ముడుపోరాదు. రెండు పర్యాయాలు వాయిదా పడిన ఈ నిబంధన అమలుకు పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30ని గడువుగా నిర్ణయించారు. మన దేశపు కాఫీలో అధిక భాగం ఎగుమతి సరుకే. అందులో ఇటలీ పెద్ద గిరాకీదారు.

చిక్కు గింజ నాణ్యతలో లేదు, కాగితంలో ఉన్నది. ప్రతి లాటుకూ అది పండిన తోట అక్షాంశ రేఖాంశాలు చూపవలెను. నాలుగు హెక్టార్ల లోపు తోటకు ఒక్క బిందువు చాలును, మించితే హద్దులన్నీ గుర్తించవలెను. ఊరూపేరూ తెలియని సరుకు కలిసి, వేరుచేయ వీలుకాకపోతే లాటు మొత్తం ఆగిపోతుంది.

అరకు, పాడేరు తోటల తీరు నిజానికి ఈ చట్టానికి అనుకూలమైనదే. పోడుకు బదులుగా గిరిజనులచే వేయించిన తోటలివి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. నీడ పలచబడితే కాండం తొలిచే పురుగు చేరుతుంది గనుక చెట్టును కాపాడుకోవడం రైతుకు లాభసాటి కూడా. పల్పింగ్ చేసిన పులిసిన నీరు వాగుల్లో కలవడం మాత్రం ఇంకా చక్కదిద్దవలసిన లోపం.

అసలు ఇబ్బంది సంతలో వస్తున్నది. ఎకరం, రెండెకరాల రైతులు తెచ్చిన పార్చ్‌మెంటును కొనుగోలుదారు ఒకే బస్తాలో పోస్తే తోట ఆచూకీ అక్కడితో సరి. 2019లో లభించిన భౌగోళిక గుర్తింపు ప్రాంతానికే గాని, ఫలానా తోటకు సాక్ష్యం కాదు. గిరిజన సహకార సంస్థ అయినా, ప్రైవేటు వర్తకుడైనా కొనే చోటనే రైతువారీ చీటీ రాయక తప్పదు.

నిజామాబాద్, మెట్‌పల్లి మార్కెట్లకు పోయే పసుపును కొమ్ము, గోల అని వేరుచేస్తారే గాని ఏ చేనిదని అడగరు. పసుపు ఆ జాబితాలో లేదు. జాబితాలో ఉన్న ఆయిల్‌పామ్ ఈ జిల్లాల్లోనూ వేస్తున్నారు. అయితే ఆ నూనెకు దేశంలోనే గిరాకీ ఉన్నందున ప్రస్తుతానికి భయం లేదు.