నల్లమలలో దీపము

బనగానపల్లె యనగానే మామిడిపండ్లు జ్ఞప్తికి వచ్చును. ఆ పట్టణమునుండి తూర్పుగా కుందూనది మైదానమును దాటి నంద్యాలకుగాని ఆళ్లగడ్డకుగాని చేరినవారికి ఆకాశపుటంచున నల్లని గోడవంటి కొండల వరుస కానవచ్చును. అవియే నల్లమలలు. చెంచులు అనాదిగా ఆ అడవులలో నివసించుచున్నారు. అహోబల నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టెనని ఐతిహ్యము. కావున చెంచులకు స్వామి చుట్టము. ఏటేట పారువేట ఉత్సవమున ఆయన పల్లకి నెక్కి పల్లెపల్లెకు పోవును. దేవునితో ఇంతటి బంధుత్వము గల జనుల గుడిసెలకు దీపము చేరుట మాత్రము సులభము కాలేదు.

శ్రీశైలము వద్ద కృష్ణపై ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1982లో అచ్చట విద్యుదుత్పత్తి ప్రారంభమయ్యెను. కుడిగట్టు కేంద్రమున ఏడు యంత్రములు గలవు. ఒక్కొక్కటి 110 మెగావాట్ల వంతున మొత్తము 770 మెగావాట్లు. నల్లమల కడుపున పుట్టిన ఆ శక్తి కొండలు దాటి పట్టణములకును కర్మాగారములకును పోయెను. అడవి లోపలి పెక్కు చెంచుగూడెములు ఆ తరువాతను ఏండ్ల తరబడి చీకటిలోనే యుండెను. దీపము క్రింద చీకటి యను సామెతకు ఇంతకన్న ఉదాహరణము వెదకనక్కరలేదు.

పట్టణములో దీపమారిన గంటసేపు విసుగుకొందుము. గూడెములో చీకటి పడినచో గుమ్మము దాటి వేసిన ప్రతి అడుగు పాముపైనో తేలుపైనో పడవచ్చును. రాత్రివేళ ప్రసవవేదన వచ్చిన ఇల్లాలికి కట్టెల మంటయే వెలుతురు. బడికి పోయివచ్చిన బిడ్డ పుస్తకము ప్రొద్దుతోనే మూతపడును.

అయినను స్తంభములు నాటి తీగె లాగుట వలన ఒక చిక్కు గలదు. ఇది 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేరిన నాగార్జునసాగర్ - శ్రీశైలము అడవి. 2014లో రాష్ట్రము విడిపోయిన పిదప తెలంగాణమునకు వచ్చిన భాగము అమ్రాబాద్ పులుల అరణ్యమైనది. నంద్యాలకు సమీపమున గుండ్ల బ్రహ్మేశ్వరము అభయారణ్యము 1990లో ఏర్పడినది. తీగె పోవు దారిపొడవున చెట్లు కొట్టవలెను. అంతకన్న పెద్ద అపాయము వేటగాండ్ర వలన కలుగును. వారు తీగెకు కొక్కెము తగిలించి, విద్యుత్తు పారు కంబిని నేలబారుగా పరతురు. ఆ ఉచ్చున దుప్పి పడును, పంది పడును. ఒక్కొక్కప్పుడు పులియు, త్రోవన పోవు మనుజుడును పడుదురు. కావున అటవీశాఖవారి సంకోచమునకు కారణము లేకపోలేదు.

అట్లయిన చెంచులనే అడవి వెలుపలికి తెచ్చిన సరిపోదా యని కొందరడుగుదురు. వనమూలికలు, తేనె, బంక, కుంకుళ్లు వారి జీవనాధారములు. వానిని విడిచి రమ్మనుట బ్రతుకు విడిచి రమ్మనుటయే. గూడెమువారి సమ్మతి లేక పులుల అరణ్యమునుండి వారిని తరలింపరాదని వన్యప్రాణి చట్టమునకు 2006లో జరిగిన సవరణ చెప్పుచున్నది. అదే సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఇంకొక మార్గము చూపినది. బడి, మంచినీరు, విద్యుత్తు తీగె, సౌరశక్తి మొదలగు పదమూడు సౌకర్యములకు అటవీభూమిని వాడుకొనవచ్చును. ఒక్కొక్క పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారునకు 75కు మించని చెట్లు మాత్రమే. గ్రామసభ సిఫారసు ఉండితీరవలెను. అనగా దీపము కావలెనా, ఏ దారిని రావలెను అను మాటలో గూడెమునకు పాత్ర గలదు.

2023 నవంబరు 15న ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకము దేశమందలి 75 అతి దుర్బల తెగలకు ఉద్దేశింపబడినది. చెంచులు వారిలో నొకరు. దానికి 24,104 కోట్ల రూపాయలు నిర్ణయించిరి. తీగె చేరలేని ఇండ్లకు సౌరవిద్యుత్తు అందులో నొక భాగము. దట్టమైన అడవిలో ఇదియే యుక్తము: చెట్టు కొట్టనక్కరలేదు, వేటగానికి కొక్కెము తగిలించు తీగె దొరకదు. ఐతే సౌరఫలకము చాలకాలము మన్నినను, దాని బ్యాటరీ కొన్ని ఏండ్లకే నీరసించును. దానిని పరీక్షించి మార్చుటకు పనివాడు దూరమునుండి రావలసినచో కప్పుమీద ఫలకము వట్టి పలకగా మిగులును. గూడెమున నొక యువకునకో యువతికో ఆ పని నేర్పి, జీతమిచ్చి, కొత్త బ్యాటరీకి ముందుగానే ధనము కేటాయింపవలెను.

అడవిని కాచుటకును ఇదే పద్ధతి మేలు. నేడు అటవీశాఖ శిబిరములలో చెంచులు కావలివారుగా పనిచేయుచున్నారు. అడుగుజాడ చూచి పులి పోయిన దిక్కును, వేళను చెప్పగల నేర్పు వారిది. ఉచ్చు పన్నిన చోటును పసిగట్టువారును వారే. ఆ నేర్పునకు నెలనెల సక్రమముగా జీతము ముట్టినచో అడవికిని గూడెమునకును క్షేమము. పులిని కాచువాని ఇంట దీపము లేకుండుట న్యాయము కాదు; ఆ దీపము కొరకు పులి చావవలసిన అవసరమును లేదు.

ఉపాధ్యాయులు తరగతిలో శ్రీశైలము ఆనకట్టను గూర్చి పాఠము చెప్పుదురు. 770 మెగావాట్ల సంఖ్యను నల్లబల్లపై వ్రాసిన పిదప, పటములో దాని చుట్టునున్న చెంచుగూడెములను కూడ విద్యార్థులచేత గుర్తింపజేయుదురు గాక. ఏ గూడెమున దీపము వెలుగుచున్నది, ఏది చెడిపోయినది యని విచారించి తెలిసికొనుట ఆ పిల్లలకు మంచి అభ్యాసము.