కెమెరా కొంటున్నారా... ముందు లెన్సు లెక్క చూసుకోండి

పెళ్లిళ్ల కాలం దగ్గరపడిందంటే మండల కేంద్రాల్లో కొత్త ఫొటోగ్రాఫర్లు బయలుదేరతారు. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవారు, స్టూడియోల్లో సహాయకులుగా పనిచేసి సొంతంగా నిలదొక్కుకోవాలనుకునేవారు వీరిలో ఉంటారు. కెమెరా కోసం అప్పు చేసేవారికీ కొదవ లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 80 వేలు తెస్తే నెలనెలా 1,600 రూపాయలు వడ్డీకే పోతాయి. ఆ సొమ్మంతా కెమెరా బాడీకే వెచ్చించి, దానితోపాటు వచ్చే మామూలు లెన్సుతో రాత్రి ముహూర్తానికి వెళితే ఫొటోలు మసకబారతాయి. ఆల్బమ్ చూసిన పెళ్లివారు మిగతా సొమ్ము ఇచ్చేందుకు వెనకాడతారు. అందుకే తక్కువ పెట్టుబడితో ఆరంభించేవారు బాడీపై పొదుపు చేసి, లెన్సుపై ఖర్చు పెట్టడం మేలు.

మెగాపిక్సెళ్ల మాయలో పడొద్దు

దుకాణంలో మొదట వినిపించేది మెగాపిక్సెళ్ల గొప్ప. ఆల్బమ్‌లో 12 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు గల పుట నిండా ఒకే ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించినా, 20 మెగాపిక్సెళ్ల లోపే సరిపోతుంది. 2012లో వచ్చిన నికాన్ డి3200 వంటి ప్రారంభ స్థాయి కెమెరాలోనే 24 మెగాపిక్సెళ్లున్నాయి. పైగా కొత్త నమూనా రాగానే పాత బాడీ ధర పడిపోతుంది. మంచి లెన్సు విలువ అంత త్వరగా తగ్గదు. బాడీ మార్చినా అదే లెన్సు ఏళ్ల తరబడి పనికొస్తుంది.

లెన్సుపై అంకెలు ఏం చెబుతాయి?

కెమెరాతోపాటు సాధారణంగా ఇచ్చే లెన్సుపై ‘18-55 ఎంఎం, ఎఫ్ 3.5-5.6’ అని ఉంటుంది. మొదటి అంకెలు ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో, ఎంత దగ్గరగా కనిపిస్తుందో తెలుపుతాయి. ‘ఎఫ్’ పక్కనున్న అంకె లెన్సు రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, లోపలికి వచ్చే వెలుతురు ఎక్కువ.

ఎఫ్ 5.6తో పోలిస్తే ఎఫ్ 1.8 వద్ద దాదాపు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. మండపంలో మామూలు లెన్సుకు సెకనులో 15వ వంతు సమయం పట్టే ఫొటోను, ఎఫ్ 1.8 లెన్సు సెకనులో 125వ వంతులోనే తీయగలదు. తలంబ్రాలు పోసుకునే వేళ వధూవరుల ముఖాలు చెదరకుండా రావడానికి ఈ తేడాయే ఆధారం.

ఈ గుణమున్న లెన్సుల్లో చవకైనది 50 ఎంఎం ఎఫ్ 1.8. కెనాన్ 2015లో విడుదల చేసిన 50 ఎంఎం ఎస్‌టీఎం లెన్సు పదివేల రూపాయలకు అటూఇటుగా దొరుకుతుంది. అయితే దీనికీ పరిమితులున్నాయి. చిన్న సెన్సరున్న ప్రారంభ స్థాయి కెమెరాపై ఇది 75 నుంచి 80 ఎంఎం లెన్సులా దృశ్యాన్ని దగ్గరకు తెస్తుంది. ఇరుకు గదిలో బంధువులందరినీ ఒక్క ఫొటోలో పట్టలేం. అందుకు 18-55నే వాడాలి. ఎఫ్ 1.8 వద్ద వధువు స్పష్టంగా ఉండి, కాస్త వెనకనున్న వరుడు మసకబారే ప్రమాదమూ ఉంది. ఇద్దరు ముగ్గురిని తీసేటప్పుడు ఎఫ్ 2.8 లేదా 4 పెట్టుకోవాలి.

మౌంటు కుదరకపోతే డబ్బు వృథా

ఒక కంపెనీ లెన్సు మరో కంపెనీ బాడీకి నేరుగా అమరదు. ఒకే కంపెనీలోనూ తేడాలున్నాయి. నికాన్ డి3000, డి5000 వరుసల కెమెరా బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవకగా వస్తోందని పాత 50 ఎంఎం ఏఎఫ్-డి లెన్సు కొంటే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. వీటికి ఏఎఫ్-ఎస్ రకమే తీసుకోవాలి. కెనాన్, నికాన్ 2018లో మిర్రర్‌లెస్ కోసం కొత్త మౌంట్లు తెచ్చాయి. ఎస్ఎల్ఆర్ లెన్సులను అడాప్టరు సాయంతో వాటికి తగిలించవచ్చు గానీ, మిర్రర్‌లెస్ లెన్సులు పాత ఎస్ఎల్ఆర్ బాడీలకు పనికిరావు.

పాతది కొనేటప్పుడు...

కొత్త నమూనాలు మిర్రర్‌లెస్‌లోనే వస్తుండటంతో వాడిన డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి. తీసుకునే ముందు ఈ పరీక్షలు చేయాలి.

- షట్టరు ఇప్పటికి ఎన్నిసార్లు పనిచేసిందో చూడాలి. నికాన్ డి5600 వంటి బాడీల షట్టరును లక్షసార్ల వరకు పరీక్షించారు. ఆ అంకెను సమీపిస్తే ధర బాగా తగ్గించమని అడగాలి.
- లెన్సులోకి టార్చి వేసి చూడాలి. సాలెగూడులాంటి గీతలు కనిపిస్తే బూజు పట్టినట్లే. ఎంత చవకైనా వద్దనుకోవాలి.
- సొంత మెమరీ కార్డు వేసి, ఎఫ్ 16 వద్ద తెల్ల గోడను ఫొటో తీయాలి. నల్లచుక్కలు కనిపిస్తే సెన్సరుపై దుమ్ము ఉన్నట్లు.
- బిల్లుపై ఉన్న సీరియల్ నంబరు, బాడీపై ఉన్నది ఒకటేనా అని సరిచూడాలి. బిల్లు లేకుంటే దొంగ సొత్తు కావచ్చు.

కొంత సొమ్ము మిగుల్చుకోవాలి

చేతిలో ఉన్నదంతా బాడీకి, లెన్సుకే పెట్టకూడదు. అదనపు బ్యాటరీ, రెండో మెమరీ కార్డు లేకుండా పెళ్లికి వెళ్లడం సాహసమే. తాళి కట్టే ఘట్టం మళ్లీ రాదు. పైకప్పు వైపు తిప్పగల ఫ్లాష్ ఉంటే ముఖాలపై వెలుగు మెత్తగా పడుతుంది. కోస్తా జిల్లాల తేమలో లెన్సుకు త్వరగా బూజు పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి భద్రపరచాలి.

అప్పు పత్రంపై సంతకం చేసేముందు, కొనదలచిన లెన్సును ఒకరోజు అద్దెకు తెచ్చి తెలిసినవారి శుభకార్యంలో వాడి చూడటం ఉత్తమం. ఆ ఫొటోలు నచ్చితే కొనొచ్చు. లేకుంటే అద్దెతోనే పోతుంది, వడ్డీ భారం మాత్రం నెత్తిన పడదు.