పెద్దవారిలో అన్నవాహిక అలర్జీ: ఆహార చికిత్సలో మన మెట్ట పంటల పాత్ర

జోగిపేటలో మా దగ్గరి బంధువు ఒకరు పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తారు. వయస్సు ఇంకా నలభైకి లోపే. ముద్ద ముద్దకూ ఒక గుక్క నీళ్లు తాగడం ఆయనకు ఏళ్ల నాటి అలవాటు. పెళ్లి భోజనాలలో అందరికంటే చివర లేచేది ఆయనే. నిదానంగా తినే మనిషి అని మేమంతా అనుకున్నాము. ఆయన అసిడిటీ అనుకొని మాత్రలు వేసుకునేవారు. ఒక రాత్రి మాంసం ముక్క రొమ్ము భాగంలో అడ్డుపడి నీరు కూడా దిగలేదు. ఎండోస్కోపీతో దానిని తొలగించి, అన్నవాహిక లోపొర నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షిస్తే ఇసినోఫిలిక్ ఈసోఫేజైటిస్ అని తేలింది. నేను వైద్యుణ్ణి కాను, సేద్య శాస్త్రం బోధించేవాణ్ణి. అయితే మానవలసిన వాటి జాబితాలో పాలు, గోధుమ, గుడ్డు, సోయా, పల్లి, చేప అని ఉండటంతో ఆ చీటీ నా చేతికి వచ్చింది.

ఇసినోఫిల్ ఒక రకం తెల్ల రక్తకణం. ఆరోగ్యవంతుల అన్నవాహిక గోడలో ఇది దాదాపు ఉండదు. ఈ వ్యాధిలో కొన్ని ఆహార ప్రొటీన్లకు శరీరం విపరీతంగా స్పందించి ఈ కణాలను అక్కడకు రప్పిస్తుంది. సూక్ష్మదర్శినిలో ఒక క్షేత్రంలో 15 లేక అంతకు మించి కనిపించి, మింగడంలో ఇబ్బంది ఉండి, వేరే కారణాలు లేవని తేలినప్పుడే వైద్యులు ఈ వ్యాధిని నిర్ధారిస్తారు. నిర్లక్ష్యం చేస్తే వాపు క్రమంగా మచ్చగా మారి గొట్టం ఇరుకవుతుంది. పల్లీలు తిన్న వెంటనే పెదవులు ఉబ్బే అలర్జీ వంటిది కాదిది. రోజులు, వారాల మీద నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే చర్మంపై గుచ్చి చేసే పరీక్షలు, రక్త పరీక్షలు పెద్దవారిలో దోషి అయిన ఆహారాన్ని నమ్మకంగా చూపలేవు. ఆ పరీక్షల కాగితం చూసి పది వస్తువులు మానేయడం డబ్బుకూ ఒంటికీ నష్టమే.

1995లో అమెరికాలో పది మంది పిల్లలకు మామూలు తిండి మాన్పించి, అమైనో ఆమ్లాలతో తయారైన ద్రవాహారం మాత్రమే ఇచ్చినప్పుడు వ్యాధి తగ్గింది. కారణం తిండిలోనే ఉందని అప్పుడు స్పష్టమయింది. కానీ ఆ ద్రవంతో ఎంతకాలం బ్రతకగలరు? 2006లో పిల్లలలోనూ, 2012లో షికాగోలో పెద్దవారిలోనూ ఆరు ఆహార వర్గాలను మాన్పించే పద్ధతిని పరీక్షించారు. షికాగో పరిశీలనలో ఒక్కొక్క వస్తువునూ తిరిగి తినిపించి చూడగా ఎక్కువ మందిలో గోధుమ, ఆ తరువాత పాలు దోషులుగా తేలాయి. 2013 నాటి స్పెయిన్ పరిశీలనలో పాలు ముందుకు వచ్చాయి. తినే అలవాట్లను బట్టి దోషి మారుతుందని నా ఊహ.

మన పాఠకులకు అన్నిటికంటే ఉపయోగపడేది 2023లో వెలువడిన ఫలితం. అమెరికాలో 129 మంది పెద్దవారిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు పాలు మాత్రమే, రెండవ జట్టుకు ఆరు వర్గాలూ ఆరు వారాలు మాన్పించారు. మొదటి జట్టులో 34 శాతం, రెండవ జట్టులో 40 శాతం మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. ఆ తేడా లెక్కించదగినది కాదు. అంటే ముందు పాలు ఒక్కటే మాని చూడటం న్యాయమైన మొదటి మెట్టు. ఫలించకపోతే తరువాతి మెట్టు ఎక్కవచ్చు, లేదా మందులను ఆశ్రయించవచ్చు. ఆమ్లాన్ని తగ్గించే మందులు, మింగే స్టిరాయిడ్లు ఉన్నాయి, 2022 నుంచి డుపిలుమాబ్ ఇంజెక్షన్ కూడా అమెరికాలో అనుమతి పొందింది.

పాలు మానడమంటే పెరుగు, మజ్జిగ, పనీరు, పాలపొడి చేరిన బిస్కట్లు అన్నీ మానడమే. గేదె పాలు, మేక పాలు ప్రత్యామ్నాయం కావు, వాటి ప్రొటీన్లు ఆవు పాల ప్రొటీన్లను పోలి ఉంటాయి. లాక్టోజ్ లేని పాలూ పనికిరావు, ఇక్కడ దోషి చక్కెర కాదు. మజ్జిగ లేని భోజనం మన ప్రాంతంలో భోజనమే కాదు, ఆ లోటు తేలికైనది కాదని ఒప్పుకోవాలి. కాల్షియం కోసం తైదలు ఉన్నాయి. నూరు గ్రాముల తైదల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఉడికించిన తైద అంబలికి ఇంటింటా అలవాటు ఉన్నదే.

గోధుమ మానవలసి వస్తే మనకు పెద్ద ఊరట ఉంది. 1972లో ఏర్పడిన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేస్తున్నది. రాజేంద్రనగర్‌లో చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. నల్లరేగడిలో నిలిచిన తేమతోనే పండే యాసంగి జొన్న మన పెద్దల ప్రధానాహారం. జొన్నలో గ్లూటెన్ లేదు. ఆ సాగే గుణం లేకపోవడం వల్లనే రొట్టె చేసేవారు మరిగే నీళ్లు పోసి, పిండిలోని గంజి పదార్థాన్ని కొంత ఉడికించి, చేత్తో తట్టుతారు. గోధుమ చపాతీ నేర్చిన చేతికి ఇది కష్టం, జొన్న రొట్టె తట్టడం మరిచిన ఇళ్లలో చికిత్స ఇక్కడే ఆగిపోతుంది. అయితే జొన్న, కొర్ర అందరికీ సురక్షితమని హామీ ఇవ్వలేము. ఏ ధాన్యానికైనా స్పందించే వారు అరుదుగా ఉంటారు.

అసలు చిక్కు కనిపించని చోట ఉంటుంది. ఊరి పిండి గిర్నిలో గోధుమ పట్టిన రాళ్ల మీదే జొన్న పడుతుంది. బజారులో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి మైదా కలుపుతారు. "రాగి బిస్కట్" పొట్లంలో మొదటి పదార్థం తరచు మైదాయే. మల్టీగ్రెయిన్ పిండిలో గోధుమతో పాటు సోయా కూడా కలవవచ్చు. గానుగ పల్లి నూనెలో ప్రొటీన్ అవశేషాలుంటాయి, శుద్ధి చేసిన నూనెలో చాలా తక్కువ. గ్లూటెన్ గల ధాన్యాలు, పాలు, గుడ్డు, చేప, రొయ్య జాతి, పల్లి, గింజలు, సోయా ఉంటే పొట్లం మీద తెలపాలని 2020 నాటి ఆహార లేబుల్ నిబంధనలు చెబుతున్నాయి. ఆ చిన్న అక్షరాలు చదవడం రోగికి కొత్త చదువు. విడిగా అమ్మే పిండికీ, క్యాంటీన్ కూరకూ లేబుల్ ఉండదు.

సోయా మానమంటే కంది, పెసర, శనగ కూడా మానమని కొన్ని పరిశీలనల జాబితాలో ఉంది. మాంసం అరుదుగా తినే ఇంట్లో పాలూ పప్పూ రెండూ తీస్తే మిగిలే ప్రొటీన్ ఎంత? ఆహార నిపుణుల సలహా లేకుండా పప్పు మాన్పించడాన్ని నేను సమర్థించను. తక్షణ అలర్జీ చరిత్ర ఉన్నవారు మానిన ఆహారాన్ని తిరిగి తినేది వైద్యుని పర్యవేక్షణలోనే కావాలి.

ఇక ఖర్చు. లక్షణాలు తగ్గినంత మాత్రాన వాపు తగ్గినట్లు కాదు, ప్రతి మెట్టులోనూ మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడాలి. షిఫ్టు కార్మికునికి అది పరీక్ష ఖర్చూ, ఒక రోజు కూలీ కూడా. ఆరు వర్గాలు ఒకేసారి మాని ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చే దారిలో ఎన్ని పరీక్షలు కావాలో లెక్కిస్తే, ఒక్క పాలతో మొదలుపెట్టడం ఎందుకు మేలో తెలుస్తుంది.

మా బంధువు అలాగే మొదలుపెట్టారు. పాలు మానిన ఆరు వారాల తరువాత కణాలు తగ్గాయి గానీ చాలినంతగా కాదు. ఇప్పుడు గోధుమ కూడా మానారు. గిర్ని సంగతి తెలిశాక ఆయన భార్య ఇంట్లోకి చిన్న మర కొన్నారు. క్యాంటీన్‌కు జొన్న రొట్టె, కంది పప్పు డబ్బాలో తీసుకెళ్తున్నారు. తరువాతి ఎండోస్కోపీ వచ్చే నెలలో.