రౌటర్ ఆపేసి చూడండి, మీ స్మార్ట్ హోమ్ బండారం బయటపడుతుంది

ఈరోజు ఎపిసోడ్‌కి కారణం మా అవ్వ.

అవ్వ చిత్తూరులో మిద్దె మీద ఒక్కతే ఉంటుంది. నేను తిరుపతిలో, 70 కిలోమీటర్ల దూరం. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేదని, వాకిట్లో సంపు మోటర్‌కి స్మార్ట్ స్విచ్ పెట్టించినా. ఫోన్‌లో నొక్కితే ట్యాంకు నిండుతుంది. అంతా బాగుంది అనుకున్నా.

ఒక రోజు మోటర్ వేశాక అక్కడ కరెంటు పోయి, వెంటనే వచ్చింది. మోటర్ మళ్లీ ఆడింది. ఆపుదామంటే యాప్‌లో 'డివైస్ ఆఫ్‌లైన్'! ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు. ఆ తడి మెట్ల మీదే అవ్వ దిగిపోయి స్విచ్ ఆపింది. జారి పడలేదు, అంతే మన అదృష్టం.

ఆదివారం పోయి చూస్తే తప్పులన్నీ నావే.

మొదటిది, రౌటర్ ఇనుప బీరువా పక్కన ఉంది. ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. వాకిలి వైపు, ఎత్తులో పెట్టినా.

రెండోది, బ్యాండ్. చాలా స్మార్ట్ స్విచ్‌లు 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువే కానీ గోడలు దాటడంలో వెనకబడుతుంది. అందుకే 2.4కి వేరే పేరు పెట్టి, స్విచ్‌ని దానికే కలిపినా.

మూడోది, చానల్. 2.4లో 1, 6, 11 ఒకదాని మీద ఒకటి పడవు. వైఫై అనలైజర్ యాప్‌లో చూస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ 6 మీదే. నేను 11కి మార్చి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టినా.

నాలుగోది, కరెంటు. రౌటర్‌కీ, ఫైబర్ బాక్సుకీ కలిపి ఒక మినీ యూపీఎస్ తగిలించినా. లేకుంటే కరెంటు వచ్చాక అవి లేచేదాకా స్విచ్ మనకు అందదు.

ఇప్పుడు అసలు విషయం వినండి. ఇంత చేసినా నెట్ పోదని గ్యారంటీ లేదు. అందుకే స్విచ్ సెట్టింగ్స్‌లో, కరెంటు వచ్చాక ఆఫ్‌లోనే ఉండేలా మార్చినా. 20 నిమిషాల టైమర్ పెట్టినా. ఎలక్ట్రీషియన్‌తో ట్యాంకులో ఫ్లోట్ స్విచ్, మోటర్‌కి కాంటాక్టర్ వేయించినా. మోటర్ స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఎన్నో రెట్లు లాగుతుంది, చిన్న స్మార్ట్ స్విచ్ ఒక్కటే తట్టుకోలేదు.

తర్వాత మోటర్ వేసి, కావాలనే రౌటర్ ఆపేసినా. టైమర్ పూర్తి కాగానే మోటర్ ఆగింది. కొన్ని యాప్‌లలో టైమర్ ఇంటర్నెట్ సర్వర్‌లో నడుస్తుంది, నెట్ పోతే అదీ పోతుంది. మీది ఏ రకమో ఈ ఒక్క టెస్ట్‌తో తెలుస్తుంది. కానీ ఇంట్లో మనిషి ఉన్నప్పుడే చేయండి.

అవ్వకి చానల్ తెలీదు, బ్యాండ్ తెలీదు. తెలియాల్సిన పనీ లేదు. నీళ్లు రావాల, మోటర్ ఆగాల, ఆమె మెట్లు దిగకుండా ఉండాల. ఈ వారం మీ ఇంట్లోనూ ఒకసారి రౌటర్ ఆపి చూడండి. ఏది ఆగిపోయిందో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!