కౌంటరు మీద ఒట్టు

పత్తి, మిర్చి డబ్బు చేతికొచ్చే రోజులకు పెళ్లి ముహూర్తాలు తోడైతే జగ్గయ్యపేట, నందిగామ బట్టల దుకాణాల్లో కాలు పెట్టడానికి చోటుండదు. వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే ఆటోల్లో దిగుతాయి. రంజాన్ ఆఖరి పది రోజుల సంగతి చెప్పనక్కర్లేదు. పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లినా ఈ సందడి మాత్రం మారలేదు. ఉదయం నుంచి షట్టరు దించే వరకు కౌంటరు వెనుక నిలబడే పిల్లల్లో మన ముస్లిం యువతీయువకులూ ఉన్నారు. మేమూ కొంతకాలం అక్కడ నిలబడిన వాళ్లమే.

చూసేవారికి అది తేలికపని. చీర విప్పడం, మళ్లీ మడత పెట్టడం, అంతేగా అనుకుంటారు. అసలు బరువు వేరే ఉంది. వచ్చిన మనిషి ఉత్త చేతులతో వెళ్లకూడదు. వెళితే సంజాయిషీ ఇవ్వాలి. సాయంత్రం లెక్క చూసినప్పుడు పక్క కౌంటరు కుర్రాడి అమ్మకం మనకంటే ఎక్కువుంటే నలుగురి ముందూ మాట పడాలి. కొత్త సరుకు మీద రాని కమీషన్, రెండేళ్లుగా కదలని పాత సరుకు మీద వస్తుంది. ఇంట్లో చెల్లెలి ఫీజు కట్టాల్సిన కుర్రాడికి ఆ కమీషన్ ఎంత పెద్దదో మాకు తెలుసు.

అలాంటి ఒక సాయంత్రం, కూతురి పెళ్లికని ఒక తల్లి వచ్చింది. అచ్చు పట్టులాగే మెరిసే చీర ఆమె ముందు పరిచాం. ఆమె అంచు పట్టుకుని చూసి, ‘‘నిజం పట్టేనా నాయనా?’’ అంది. వెనుక ఇన్‌చార్జి నిలబడి ఉన్నాడు. ‘‘అల్లా మీద ఒట్టమ్మా’’ అన్నాం. ఆమె పక్కనున్న బంధువుతో, ‘‘సాయిబుగారి పిల్లాడు, దేవుడి మీద ఒట్టేశాడు, ఇంకేం చూస్తాం’’ అని డబ్బు తీసింది. ఆ రోజు లెక్కలో మా పేరే పైనుంది.

ఇలాంటి ఒట్టు గురించే మహాప్రవక్త (స) హెచ్చరించారు. ఒట్టుతో సరుకు చెల్లిపోతుందిగాని దానిలోని బర్కత్ చెరిగిపోతుందన్న హదీసు బుఖారీలో ఉంది. మదీనా బజారులో ఆయన ధాన్యపు రాశిలోకి చేయి పోనిచ్చి, పైన పొడిగా ఉన్నది లోపల తడిగా ఉందని కనిపెట్టిన సంఘటనను ఇమామ్ ముస్లిం నమోదు చేశారు. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. మరి తడిసినది పైనే ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. మోసగించేవాడు తన వాడు కాడన్నారు.

ఆ తల్లి మూడు నెలలకు మళ్లీ వచ్చింది. అరవలేదు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు వంక ఒకసారి చూసి, ‘‘చీర పోతే పోయింది, ఒట్టెందుకు వేశావయ్యా?’’ అని మాత్రం అంది. మా జీతంలోంచి కొంత ఇవ్వబోతే తీసుకోలేదు.

ఆ బోర్డు సంగతి కూడా చెప్పాలి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, అది రాయకుంటే 30 రోజుల్లో వాపసు తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. బోర్డు తగిలించినంత మాత్రాన ఆ చట్టం తప్పుకోదు. పట్టు విషయానికొస్తే, 2004 నుంచి సిల్క్ మార్క్ లేబులు ఉంది. అది చూసి కొనవచ్చు.

అయితే పాపం ఎవరిది? ఒట్టు వేసిన నాలుక మాది, కాబట్టి మొదటి వాటా మాదే. కాని లక్ష్యం పెట్టి, తిట్టి, పాత సరుకుకు ఎర చూపిన యజమాని చేతులు కడుక్కోలేడు. కూఫాలో పట్టుబట్టల వ్యాపారం చేసిన ఇమామ్ అబూ హనీఫా (రహ్) తన భాగస్వామికి ఒక వస్త్రంలోని లోపాన్ని కొనేవారికి చెప్పి అమ్మమన్నారు. ఆయన మరచిపోయి అమ్మేశారు. కొన్నదెవరో తెలియలేదు. ఇమామ్ వచ్చిన సొమ్మంతా దానం చేశారు. అక్కడ జరిగింది మరపు, ఇక్కడ జరుగుతున్నది పథకం. మన యజమానుల్లో హజ్ చేసి వచ్చినవారూ ఉన్నారు, వారికీ ఈ మాట వర్తిస్తుంది.

పిల్లల కాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరు. అమ్మేవారు కూర్చోవడానికి ఏర్పాటుండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కేరళలో దీనికోసం దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లే పోరాడారు. ఒక స్టూలు వేయడానికి మన దుకాణదారులు మాత్రం చట్టం కోసం ఎందుకు ఎదురుచూడాలి? శుక్రవారం జుమాకు పంపడానికి కూడా కొన్నిచోట్ల ముఖం చిట్లిస్తారు. అజాన్ వినగానే వ్యాపారం వదిలి రమ్మని, నమాజు ముగిశాక మళ్లీ జీవనోపాధి వెతుక్కోమని జుముఅహ్ సూరా చెబుతోంది. ఆ రెండో మాట కూడా యజమానులు గుర్తుంచుకుంటే, పిల్లవాడు తిరిగి వస్తాడని ధైర్యం చిక్కుతుంది.

ఈమధ్య నందిగామలో ఒక దుకాణానికి వెళ్లాం. కౌంటరు మీద అగ్గిపెట్టె ఉంది. కుర్రాడు చీర కొస నుంచి ఒక పోగు లాగి వెలిగించాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య బూడిద పొడిపొడిగా రాలింది. తర్వాత ఇంకో చీర పోగు అంటిస్తే అది కరిగి గట్టి పూసలా ముడుచుకుంది. ‘‘ఇది పట్టు కాదమ్మా, మీ ఇష్టం’’ అన్నాడు ఎదుట కూర్చున్న ముసలమ్మతో. ఆవిడ రెండోదే తీసుకుంది, ధర తక్కువని. ఒట్టు అవసరం రాలేదు.