వెలివేసినకొలది పెరుగు వ్యాధి

అంటువ్యాధి యనగానే జనులకు తోచు మొదటి ఉపాయము రోగిని దూరముగా నుంచుట. మశూచి, ప్లేగు వంటి వ్యాధుల విషయమున ఈ ఉపాయము కొంతవరకు పనిచేసినది. కాని అన్ని వ్యాధులకును ఇది చెల్లదు. కుష్ఠువ్యాధి చరిత్రయే ఇందుకు నిదర్శనము. 1873లో నార్వే దేశస్థుడగు హాన్సెన్ ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని కనుగొనెను. ఇరువదవ శతాబ్దమున దీనిని కుదుర్చు మందులును వచ్చెను. అయినను ఊరు వెలివేయునేమో యను భయముచే రోగులు మచ్చలను దాచుకొని, వైద్యుని కడకు ఆలస్యముగా పోవుచుండిరి. దాచినకొలది వ్యాధి ముదిరినది. ఇతరులకు అంటుటకును అవకాశము పెరిగినది. ఇదే పాఠమును లోకము హెచ్.ఐ.వి. విషయమున మరల నేర్చుకొనవలసి వచ్చినది.

వైరసు చేయు పని

హెచ్.ఐ.వి. అనునది మనుష్యుని వ్యాధినిరోధకశక్తిని క్షీణింపజేయు వైరసు. దీనిని 1983లో పారిస్ నగరమందలి పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసి, ల్యూక్ మోంటాన్యే అను శాస్త్రజ్ఞులు సహచరులతో కలసి వేరుచేసిరి. ఇందుకుగాను వారిరువురకు 2008లో నోబెల్ బహుమానము లభించెను. ఈ వైరసు పరిమాణము మిల్లీమీటరులో ఇంచుమించు పదివేలవ వంతు మాత్రమే.

రక్తములోని తెల్లకణములలో సి.డి.4 కణములు ఒక తెగ. శరీరములోనికి శత్రుజీవి ప్రవేశించినపుడు తక్కిన కణములకు కబురందించి, వానిని పోరునకు పురికొల్పునవి ఇవియే. హెచ్.ఐ.వి. సరిగా ఈ కణములలోనే చొరబడును. తన జన్యుపదార్థమును కణముయొక్క జన్యుపదార్థములో కలిపివేసి, ఆ కణముచేతనే తనవంటి వైరసులను తయారుచేయించును. కణము తుదకు నశించును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరులో ఈ కణములు 500కు పైగా నుండును. వాని సంఖ్య 200కంటె తగ్గినపుడు శరీరము సామాన్యమైన సూక్ష్మజీవులకు సైతము లొంగిపోవును. క్షయ మొదలగు వ్యాధులు దాపురించును. ఈ దశకే ఎయిడ్స్ అని పేరు. కనుక హెచ్.ఐ.వి. సోకిన ప్రతివానికిని ఎయిడ్స్ ఉన్నదనుట పొరపాటు. చికిత్స లేనిచో మొదటి స్థితినుండి రెండవ స్థితికి చేరుటకు సాధారణముగా ఎనిమిది, పది సంవత్సరములు పట్టును. ఈ కాలమంతయు మనిషి చూపులకు ఆరోగ్యవంతునివలెనే యుండును. పరీక్ష తప్ప దీనిని తెలిసికొను మార్గము వేరొకటి లేదు.

ఎట్లు సోకును? ఎట్లు సోకదు?

హెచ్.ఐ.వి. సోకుటకు మార్గములు నాలుగే. రక్షణలేని లైంగిక సంపర్కము, ఒకరు వాడిన సూదిని వేరొకరు వాడుట, వైరసుగల రక్తమును ఎక్కించుట, తల్లినుండి గర్భమునందుగాని, కాన్పు సమయమునగాని, చనుబాలవలనగాని బిడ్డకు చేరుట. వైరసు ఈ ద్రవములలో బ్రతుకునే కాని, గాలిలోను, నీటిలోను, పళ్లెములపైనను వ్యాపింపగల శక్తి దీనికి లేదు. కావున కలసి భుజించుటవలన, ఒకే బల్లపై కూర్చుండుటవలన, చేయి కలుపుటవలన, దగ్గు తుమ్ములవలన ఇది సోకదు.

దోమకాటువలన మలేరియా వచ్చుచుండగా హెచ్.ఐ.వి. యేల రాదని విద్యార్థులు అడుగుట కలదు. మలేరియా పరాన్నజీవి దోమ శరీరములో పెరిగి, దాని లాలాజలమునకు చేరును. దోమ కుట్టునపుడు మన శరీరములోనికి పంపునది ఆ లాలాజలమే కాని, అంతకు ముందు త్రాగిన రక్తము కాదు. హెచ్.ఐ.వి. దోమలో పెరుగజాలదు, దోమ కడుపులో జీర్ణమై నశించును.

ఒకే బాలుడు, రెండు పాఠశాలలు

శాస్త్రము తెలిసియుండుటయు, దానిని జనులు నమ్ముటయు ఒకటి కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జరిగిన సంగతి దీనిని తేటపరచును. రయన్ వైట్ అను బాలునికి పుట్టుకతోనే హీమోఫిలియా వ్యాధి యుండెను. ఈ వ్యాధిగలవారికి గాయమైనచో రక్తము గడ్డకట్టదు. అందుచే ఇతరుల రక్తమునుండి తీసిన పదార్థమును వానికి ఎక్కించుచుండిరి. దానితోపాటు హెచ్.ఐ.వి. కూడ ప్రవేశించెను. 1984 డిసెంబరులో ఈ సంగతి బయటపడినపుడు వానికి పదమూడేండ్లు. ఆరుమాసములకంటె బ్రతుకడని వైద్యులు చెప్పిరి.

మరుసటి సంవత్సరము బాలుడు కొంత కోలుకొని బడికి పోగోరెను. వానివలన తోటివారికి ప్రమాదము లేదని ఆరోగ్యశాఖవారు చెప్పినను, నూరుమందికి పైగా తల్లిదండ్రులును, సుమారు ఏబదిమంది ఉపాధ్యాయులును వానిని రానీయరాదని సంతకములు చేసిరి. కొంతకాలము వాడు ఇంటినుండి టెలిఫోనుద్వారా పాఠములు వినవలసి వచ్చెను. న్యాయస్థానములవరకు వెళ్లి బడిలో చేరినను, వానికి వేరు పాత్రలు, వేరు మరుగుదొడ్డి ఏర్పడెను. ఒకనాడు వారి యింటి కిటికీలోనుండి తుపాకిగుండు దూసుకొనివచ్చెను. ఆ కుటుంబము ఊరు విడిచెను.

1987లో వారు అదే రాష్ట్రమునందలి సిసెరో అను చిన్న ఊరు చేరిరి. ఆ ప్రాంతపు ఉన్నతపాఠశాలలో బాలుడు రాకమునుపే ఈ వ్యాధినిగూర్చి విద్యార్థులకు బోధించిరి. మొదటి దినమున ప్రధానోపాధ్యాయుడును, కొందరు విద్యార్థులును ఎదురువచ్చి వానితో చేయి కలిపిరి. రాష్ట్రమదే, వ్యాధి యదే, బాలుడును వాడే. మారినది పాఠశాలకు తెలిసిన విషయము మాత్రమే. రయన్ 1990 ఏప్రిల్ 8న మరణించెను. ఆ సంవత్సరమే అమెరికా ప్రభుత్వము హెచ్.ఐ.వి. సోకిన పేదల చికిత్సకై అతని పేర ఒక చట్టము చేసెను.

పత్రికలు రయనును "నిర్దోషి" యని వ్రాయుచుండెడివి. ఆ కుటుంబమువారు ఈ మాటను ఒప్పుకొనలేదు. ఒకనిని నిర్దోషి యనినచో అదే వ్యాధిగల తక్కినవారు దోషులని అర్థమగును. వైరసు దోషులను, నిర్దోషులను ఎంచి సోకదు.

అట్టడుగువారికి ఎక్కువ ప్రమాదమేల?

భారతదేశమున ఈ వైరసు మొదట 1986లో మద్రాసునందు బయటపడినది. వైద్యశాస్త్రజ్ఞురాలు సునీతి సాలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలసి పడుపువృత్తిలోనున్న స్త్రీల రక్తమును సేకరించి పరీక్షింపగా ఆరుగురిలో ఈ వైరసు జాడలు కనబడెను. పరీక్షలు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో జరిగెను. 1990 ప్రాంతమున మణిపురమునందు హెరాయిన్ సూదిమందుగా ఎక్కించుకొను యువకులలో ఇది వేగముగా వ్యాపించెను. ఈ వార్తలు విన్నవారు పెక్కురు "ఇది వారి వ్యాధి, మనది కాదు" అని తలచిరి. తలంపు తప్పని కాలము చూపినది. వైరసు వారినుండి భర్తలకు, భర్తలనుండి ఇల్లు కదలని భార్యలకు, భార్యలనుండి బిడ్డలకు చేరినది. రెండువేల సంవత్సరము నాటికి వ్యాధి ఎక్కువగానున్న ఆరు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

అట్టడుగున నున్న యువజనులకు ప్రమాదము అధికమగుటకు కారణము వారి రక్తములో లేదు, వారి బ్రతుకులో నున్నది. సూది జేబులో దొరికినచో పట్టుబడుదునని భయపడు యువకుడు స్వంత సూదిని ఉంచుకొనడు. చాటుగా నలుగురితో కలసి ఒక సూదినే వాడును. ఇంటినుండి వెడలగొట్టబడిన హిజ్రా యువతికి చదువు ఆగిపోవును, పని దొరకదు; బ్రతుకుటకు దేహమే ఆధారమైనపుడు కండోము వాడుమని అడుగు ధైర్యము చాలదు. పురుషునితో సంబంధముగల పురుషుని 2018 సెప్టెంబరు 6న సుప్రీముకోర్టు తీర్పు వచ్చువరకు చట్టమే నేరస్థునిగా చూచెను. అట్టివాడు వైద్యునితో నిజము చెప్పుటకు జంకును. తలిదండ్రులను ఈ వ్యాధికి కోల్పోయిన బాలుడు బంధువుల యింట వేరు పళ్లెమున తినుచు, తన పరీక్ష సంగతి దాచుకొనును. వీరందరును పరీక్షకు దూరమగుదురు. పరీక్ష లేనిచో మందు లేదు. మందు లేనిచో వైరసు తగ్గదు. అది ఇంకొకరికి సోకును. వెలి వ్యాధిని ఆపదు, దానికి దారి చేయును.

దీనికి ఎదురు నిదర్శనము కలకత్తాలోని సోనాగాచి. 1992లో స్మరజిత్ జానా అను వైద్యుడు అచట పనిచేయుచు, పడుపువృత్తిలోని స్త్రీలనే శిక్షణనిచ్చి తోటివారికి ఆరోగ్యబోధకులనుగా నియమించెను. బయటివారి ఉపన్యాసములకంటె తమవారి మాట వారికి నచ్చెను. 1995లో ఆ స్త్రీలు స్వంత సంఘమును స్థాపించుకొనిరి. మునుపు అరుదుగానుండిన కండోము వాడుక కొలది యేండ్లలో ఎక్కువమందికి అలవాటయ్యెను.

మందే నివారణ

1996 నుండి రెండు మూడు మందులను కలిపి ఇచ్చు చికిత్స వాడుకలోనికి వచ్చినది. ఇది వైరసును పూర్తిగా నిర్మూలింపజాలదు. అది కణముల జన్యుపదార్థములో దాగియుండును గదా! కాని దాని వృద్ధిని అణచివేయును. ప్రతిదినము తప్పక మందు పుచ్చుకొన్నచో, సాధారణముగా ఆరుమాసములలో రక్తమందలి వైరసు పరీక్షకు అందనంత తగ్గిపోవును. సి.డి.4 కణములు మరల పెరుగును. మనిషి చదువుకొని, పనిచేసి, పెండ్లి చేసికొని, పూర్ణాయుష్కుడు కావచ్చును.

అంతకుమించిన విశేషము మరియొకటి గలదు. ఐరోపాలో ఒకరికి మాత్రమే వైరసుగల 888 జంటలను పరిశీలించి 2016లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మందువలన వైరసు అణగియున్నవారినుండి వారి జతవారికి ఒక్కరికైనను అది సోకలేదు. 2019లో ప్రకటించిన రెండవ పరిశీలనయు ఇదే చెప్పినది. అనగా ఒకనికి ఇచ్చు చికిత్స మరియొకనికి రక్షణ. గర్భిణికి మందు ఇచ్చినచో బిడ్డకు సోకు అవకాశము నూటికి అయిదుకంటె తగ్గును. ప్రమాదము జరిగినదను సందేహమున్నచో 72 గంటలలోపల మొదలిడి 28 దినములు మందు వాడి, వైరసును నిలువరింపవచ్చును.

భారతదేశమున 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో ఈ మందు ఉచితముగా ఇచ్చుచున్నారు. పరీక్షయు ప్రభుత్వ ఆసుపత్రులలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో ఉచితమే; ఫలితమును గోప్యముగా నుంచెదరు. సోకిన తరువాత కొన్ని వారములవరకు పరీక్షలో కనబడకపోవచ్చును గనుక, సందేహమున్నవారు మూడుమాసముల పిదప మరల పరీక్షింపించుకొనవలెను. 1097 సంఖ్యకు ఫోనుచేసినచో సలహా లభించును.

చట్టము, పాఠశాల

2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టము 2018 సెప్టెంబరు 10న అమలులోనికి వచ్చినది. హెచ్.ఐ.వి. కారణముగా బడిలో చేర్చుకొనకుండుట, ఉద్యోగమునుండి తీసివేయుట, ఇల్లు అద్దెకు ఇయ్యకుండుట, వైద్యము నిరాకరించుట ఈ చట్టముచే నిషిద్ధములు. అనుమతిలేక పరీక్షచేయరాదు, ఒకని స్థితిని వేరొకరికి వెల్లడింపరాదు.

చట్టమున్నంత మాత్రమున బాలుడు ధైర్యముగా బడికి రాడు. అందుకు ఉపాధ్యాయుని నడవడి ముఖ్యము. ఒక విద్యార్థి సంగతి తెలిసినచో దానిని ఉపాధ్యాయుల గదిలో సైతము ఎత్తకుండుట మొదటి ధర్మము. మందు తెచ్చుకొనుటకై బాలుడు అపుడపుడు బడి మానినచో తరగతిలో కారణమడుగరాదు. మధ్యాహ్నభోజన పంక్తిలో వానిని విడదీయరాదు. ఏ బిడ్డకు గాయమైనను చేతులకు తొడుగులు వేసికొనియే కట్టుకట్టవలెను. ఎవరి రక్తములో ఏమున్నదో కన్నులకు తెలియదు గనుక, ఈ నియమము అందరికిని సమానము. జీవశాస్త్రములో ఈ పాఠము వచ్చినపుడు దాటవేయక, పై నాలుగు మార్గములను స్పష్టముగా చెప్పి, ప్రశ్నలను చీటీలమీద పేర్లులేకుండ వ్రాసియిమ్మని జవాబు చెప్పుట మేలు. ఏ తరగతిలోనైనను బయటికి చెప్పుకొనలేని బాలుడొకడు కూర్చుండి వినుచుండవచ్చును. ఆ పాఠము విన్న పిమ్మట వాడు పరీక్షాకేంద్రమునకు పోవునా, మరింత ముడుచుకొనునా యనునది ఉపాధ్యాయుడు ఆ ఒక్క గంటలో పలికిన మాటలనుబట్టి యుండును.