ఆరుతడి చదువు

రాత్రి తొమ్మిది దాటాక బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఇళ్లకు దుబాయ్ నుంచో మస్కట్ నుంచో ఫోన్ వస్తుంది. మంచీచెడూ, పొలం సంగతులూ అయ్యాక ఫోన్ పిల్లల చేతికి వెళ్తుంది.

"ఎన్ని గంటలు చదివినవ్ బిడ్డా?"

"ఐదు గంటలు చదివిన బాపూ."

అవతల తండ్రికి నిమ్మళం. బిడ్డ అబద్ధమాడలేదు. ఐదు గంటలూ కదలకుండా కూర్చుంది. పాఠం మూడుసార్లు చదివింది. ముఖ్యమనిపించిన చోటల్లా హైలైటర్ గీసింది, పేజీలో సగం పసుపుపచ్చగా మారింది. తీరా పుస్తకం మూసి ఒక ప్రశ్న అడిగితే జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆ ఐదు గంటల విలువేమిటో తెలియాలంటే ఒకసారి బోధన్‌లోని శక్కర్‌నగర్ వెళ్లి చూడాలి. అక్కడ 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పేరుమోసిన చక్కెర మిల్లు. 2015 డిసెంబరులో అది మూతపడింది. తాతకూ తండ్రికీ అన్నం పెట్టిన కొలువు మనవడికి లేకుండా పోయింది. ఇక ఆ ఇంటి ఆశంతా చదువు మీదే. అంత ఆశ పెట్టుకున్న చదువు పరీక్ష హాల్లో గుర్తు రాకపోతే, తప్పు పిల్లల బుర్రది అనుకుంటారు. నేను ఒప్పుకోను. వాళ్లకు చదవమని అందరం చెప్పాం, ఎలా చదవాలో ఎవరం చెప్పలేదు.

చదివిందే మళ్లీ మళ్లీ చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. అక్కడే మోసపోతాం. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, రెండోసారి కాగితం పక్కన పెట్టి గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకు మిగిలింది 42 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం. మన పిల్లలకు కావాల్సింది ఆ వారం తర్వాతి జ్ఞాపకమే, మార్చి నెల దాకా నిలిచే జ్ఞాపకం.

నిజామాబాద్ ఖిల్లా జైలులో కవి దాశరథి కాగితం లేక గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారని ఇక్కడ అందరికీ తెలుసు. చూడకుండా రాయడానికి చదువుకునే పిల్లలకు కూడా ఒక ఖాళీ గోడ, ఒక బొగ్గుముక్క చాలు. తలుపు వెనక సుద్దముక్కతో రాసినా సరే, పుస్తకం మాత్రం మూసి ఉండాలి.

ఇది మొదటి సంగతి. ఇక రెండోది, ఎడం ఇచ్చి చదవడం, మన రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక ఈ నేల కాలువ నీళ్లు చూసింది. నీళ్లున్నాయి కదా అని పసుపు చేను నింపేస్తారా? నీళ్లు నిలిస్తే దుంపకుళ్లు వస్తుంది. ఒక తడి పెట్టి, నేల ఆరనిచ్చి, మళ్లీ ఒక తడి పెడతారు. అదే ఆరుతడి. చదువూ అంతే. ఈ రోజు చదివింది రెండు రోజులు వదిలి, కాస్త మరుపు మొదలయ్యాక చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. తర్వాత వారానికి ఒకసారి, ఆపైన నెలకు ఒకసారి. ఎడం ఇచ్చి చదివింది ఎక్కువ కాలం నిలుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రాశాడు. పరీక్ష ముందు రాత్రంతా మేల్కొని చదవడమంటే చేనంతా ఒక్కసారే ముంచెత్తడం. పైగా పగలు చదివింది మెదడులో బాగా కుదురుకునేది నిద్రలోనే. ఆ నిద్రను కూడా పోగొట్టుకుంటున్నారు.

ఈ పద్ధతి మన నిజామాబాద్ జిల్లాకు మరీ అవసరం. ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసే రోజులూ పరీక్షల రోజులూ ఒక్కటే. ఇంట్లో పనికి చేయి అందించే పిల్లలకు రోజూ ఐదు గంటలు ఎక్కడివి? ఇరవై నిమిషాలు దొరుకుతాయి. పుస్తకం మూసి గుర్తు చేసుకోవడానికి అవి చాలు. ఇంటర్, డిగ్రీ పిల్లలు చివరి వారంలో కొనే గైడ్లకంటే తరగతులు మొదలైన రోజు నుంచీ పెట్టుకున్న ఈ ఇరవై నిమిషాలే మేలు.

నిజామాబాద్‌లో ఒక ఇంటి అరుగు మీద చూసిన దృశ్యం చెప్పాలి. తల్లి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన కూతురు పుస్తకం బోర్లించి, ఆకులు ఎండతో ఆహారం ఎలా తయారుచేసుకుంటాయో చెబుతోంది. తల్లికి చదువు రాదు. చేతిలోని తునికాకును కత్తెరతో కత్తిరిస్తూనే అడిగింది: "మరి రాత్రిపూట ఎండ ఉండదు గదనే. ఆకు అప్పుడేం తింటది?" పిల్ల ఆగిపోయింది. ఆలోచించింది. పుస్తకం తిప్పి వెతికింది. పగలు దాచుకున్న పిండి పదార్థమే రాత్రికి ఆధారమని కనిపెట్టి, మళ్లీ పుస్తకం మూసి తల్లికి చెప్పింది. "గట్లనా!" అంది తల్లి, బీడీకి దారం చుడుతూ. ఆ పిల్ల ఆ జవాబు మరిచిపోదు. ఏ ట్యూషన్‌లోనూ అంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

కాబట్టి గల్ఫ్‌లో ఉన్న అన్నలకు ఒక మనవి. ఈ రాత్రి ఫోన్ చేసినప్పుడు ఎన్ని గంటలు చదివినవని అడగకండి. "పుస్తకం మూసి, మొన్న చదివింది నాకు జర చెప్పు బిడ్డా" అనండి. మీకు అర్థం కాకపోతే "ఎందుకట్ల?" అని అడగండి.